పోట్లాడే పిల్లులు, పలకరించే పిల్లి

వేసవి వచ్చిందంటే మా నర్సింగ్ విభాగానికి వచ్చే ఫిర్యాదుల్లో నీళ్లు, దోమల తర్వాత స్థానం పిల్లులదే. "సిస్టరుగారూ, రాత్రంతా రేకుల మీద పిల్లులు కొట్టుకుంటున్నాయి, బాలింతలకు కంటి మీద కునుకు లేదు" అని ప్రసూతి వార్డు నుంచి కబురు వస్తుంది. "మెస్ వెనకాల గండుపిల్లులు చేరాయి, గిన్నెలు కడగడానికి వెళ్లాలంటే భయంగా ఉంది" అని హాస్టల్ పిల్లలు చెబుతారు. అదే రోజు ఇంకొకరు వచ్చి "ఓ.పి. బెంచీ కింద పడుకునే మూడు రంగుల పిల్లిని మాత్రం ఏమీ అనకండి, అది పాపం మనుషుల్లో మనిషి" అని సిఫారసు చేస్తారు.

కొట్టుకునే పిల్లుల సంగతి వేరు, మచ్చికైన పిల్లి సంగతి వేరు అని చాలామంది అనుకుంటారు. ఆరోగ్యం దృష్టితో చూస్తే రెంటికీ మూలం ఒకటే. అన్నం పెట్టేవాళ్లు పదిమంది ఉంటారు, టీకా వేయించేవాళ్లు ఒక్కరూ ఉండరు. పిల్లి ఎవరిదీ కానంతకాలం అది కరిచినప్పుడు జవాబు చెప్పేవాళ్లు కూడా ఉండరు. మన ఆవరణలో 2024లో జరిగిన రెండు సంఘటనలను ఆధారం చేసుకుని ఈ విషయం మీకు వివరంగా చెప్పాలని అనుకుంటున్నాము.

ఎందుకు కొట్టుకుంటాయి?

పిల్లులు ముఖ్యంగా జత కోసం, జాగా కోసం, తిండి కోసం కొట్టుకుంటాయి. ఆపరేషన్ కాని గండుపిల్లి కొంత మేర తనదని హద్దు పెట్టుకుంటుంది. గోడలకు, గుమ్మాలకు ఘాటైన మూత్రం చిమ్మి ఆ హద్దుకు గుర్తు పెడుతుంది. ఆ మేరలోకి ఇంకో గండుపిల్లి వస్తే ముందు అరుపులు, తర్వాత పోట్లాట. దగ్గరలో ఆడపిల్లి ఎదకు వచ్చి ఉంటే ఈ గోల రెట్టింపవుతుంది. పగటి పొద్దు పెరిగే నెలల్లో ఆడపిల్లులు ఎక్కువగా ఎదకు వస్తాయి. శివరాత్రి దాటాక రేకుల మీద చప్పుడు మొదలవడానికి కారణం ఇదే.

ఆడపిల్లి ఐదారు నెలల వయసుకే చూలు కట్టగలదు. సుమారు 63 నుంచి 65 రోజులకు పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు పాలు తాగుతూ ఉండగానే మళ్లీ చూలు కట్టగలదు. అందుకే రెండు పిల్లులు ఉన్న చోట ఏడాది తిరిగేసరికి పది కనిపిస్తాయి.

ఈ పోట్లాటల్లో పిల్లులకు పళ్ల గాట్లు పడి చీముగడ్డలు కడతాయి. గాట్ల ద్వారా ఒక పిల్లి నుంచి మరో పిల్లికి వ్యాధినిరోధక శక్తిని తగ్గించే వైరస్ కూడా సోకుతుంది. దీన్ని 1986లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గుర్తించారు. జనం దీన్ని "పిల్లుల ఎయిడ్స్" అంటారు గనుక కొందరు రోగుల బంధువులు భయపడి మమ్మల్ని అడుగుతుంటారు. ఈ వైరస్ పిల్లులకే గాని మనుషులకు రాదు.

చెయ్యి పెట్టి విడదీయకండి

పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మన పెద్దల మాట. కొట్టుకుంటున్న పిల్లికి గది కూడా అక్కర్లేదు. ఆ కోపంలో దానికి ఎదుటి పిల్లి, మధ్యలో వచ్చిన చెయ్యి ఒక్కటే.

2024 ఏప్రిల్‌లో ఒక రోగికి తోడుగా వచ్చిన ఆమె వంటషెడ్డు దగ్గర కొట్టుకుంటున్న పిల్లులను చేత్తో విడదీయబోయారు. కుడిచేతి చూపుడువేలి మొదట్లో రెండు చిన్న గాట్లు పడ్డాయి. రక్తం పెద్దగా రాలేదు. "పిల్లి గాటే కదా" అని పసుపు అద్ది గుడ్డ చుట్టుకున్నారు. మరునాడు మధ్యాహ్నానికి చెయ్యి మణికట్టు దాకా వాచింది, వేలు ముడవడం లేదు, చలిజ్వరం. కేజువాల్టీకి వచ్చాక థియేటరుకు తీసుకువెళ్లి చీము తీయవలసి వచ్చింది. ఆరు రోజులు వార్డులో ఉన్నారు. ఆమె కుట్టుమిషను మీద బతికే మనిషి. వేలు పూర్తిగా ముడవడానికి నెలన్నర వ్యాయామం పట్టింది, అన్నాళ్లూ సంపాదన లేదు.

పిల్లి కాటు ఇంత దూరం ఎందుకు వస్తుందంటే, దాని కోరపళ్లు సూదుల్లాంటివి. పైన చిన్న రంధ్రం చేసి లోపల కీళ్ల దాకా, నరాలను కప్పి ఉండే పొరల దాకా దిగుతాయి. పైచర్మం వెంటనే మూసుకుంటుంది, పిల్లి నోటిలోని పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి లోపల ఉండిపోతుంది. పన్నెండు గంటల నుంచి ఒక రోజులోపే వాపు, నొప్పి మొదలవుతాయి. కుక్క కాటు కంటే పిల్లి కాటు చూడటానికి చిన్నది, చీము పట్టే అవకాశం మాత్రం ఎక్కువ.

కాబట్టి పిల్లులు కొట్టుకుంటుంటే ఇలా చేయండి:

పళ్లెం మీద గరిటెతో గట్టిగా చప్పుడు చేయండి. చెంబుడు నీళ్లు వాటి మీద చల్లండి. మధ్యలో అట్టపెట్టె ముక్క గాని, చీపురు గాని అడ్డు పెట్టండి. పిల్లలను దూరంగా ఉంచండి. పోట్లాట ఆగిన వెంటనే మీ పెంపుడు పిల్లినైనా ఎత్తుకోకండి. దాని కోపం చల్లారడానికి గంటకు పైగా పట్టవచ్చు, ఆలోగా ముట్టుకున్నవాళ్లనే కరుస్తుంది.

కరిస్తే, రక్కితే

మొదటి మందు కుళాయి నీళ్లు, సబ్బు. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే రెండు నిమిషాలకే పదిహేను అయినట్టు అనిపిస్తుంది. కారం, పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు పెట్టవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. కాటును బట్టి యాంటీబయాటిక్, అవసరమైతే ధనుర్వాతం టీకా డాక్టరుగారు రాస్తారు.

రేబిస్ కుక్కల వల్లనే వస్తుందని చాలామంది నమ్మకం. మన దేశంలో ఎక్కువ మరణాలు కుక్క కాటు వల్లనే జరుగుతున్నా, రేబిస్ సోకిన పిల్లి కరిచినా అదే జబ్బు, అదే ప్రాణాపాయం. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. సకాలంలో టీకా తీసుకుంటే దాదాపు అందరూ బతుకుతారు.

డాక్టర్లు గాయాన్ని మూడు రకాలుగా చూస్తారు. చర్మం చెక్కుచెదరని చోట పిల్లి నాకితే కడుక్కుంటే చాలు, టీకా అవసరం లేదు. రక్తం రాని చిన్న గీతలకు టీకా వేస్తారు. రక్తం వచ్చిన కాటుకు, రక్కుడుకు, పుండు మీద నాకినదానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ మందును గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు.

టీకా చర్మం పొరలో వేస్తే 0, 3, 7, 28 రోజుల్లోను, కండలో వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లోను వేస్తారు. "0" అంటే మొదటి సూది వేసిన రోజు. పెద్దలకు భుజం మీదనే వేస్తారు, పిరుదుకు వేయరు. గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు కూడా ఇది వేయవచ్చు. పత్యం ఏమీ లేదు, మాంసం, వంకాయ, గుడ్డు అన్నీ తినవచ్చు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి ఇప్పటికీ కొందరు రావడం మానేస్తున్నారు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది.

గోనెసంచితో తీరేది కాదు

ఏప్రిల్ సంఘటన తర్వాత ఆవరణ కమిటీలో పెద్ద చర్చ జరిగింది. పిల్లులన్నిటినీ గోనెసంచుల్లో పట్టి కాలవ అవతల వదిలేయాలని కొందరు అన్నారు. మందు పెట్టమన్నవారూ ఉన్నారు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్న సామెత ఆ రోజు నిజమైంది. పిల్లులు ఉండకూడదని అందరూ చెప్పారు, పట్టే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.

మేము మూడు సంగతులు కమిటీ ముందు పెట్టాము. ఒకటి, జంతువులకు విషం పెట్టడం, హింసించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. రెండు, గోనెసంచిలో పట్టబోతే ఇంకో నలుగురి చేతులకు కాట్లు పడతాయి. మూడు, తిండి, చాటు ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి కొత్త పిల్లులు వస్తాయి, హద్దుల కోసం పోట్లాటలు మళ్లీ మొదటికి వస్తాయి. ఈలోగా ఎలుకలు పెరిగితే వాటి మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ ముప్పు. వానల్లో ఆ జ్వరంతో వచ్చే పొలం పనివారిని మన వార్డుల్లో చూస్తూనే ఉన్నాము.

మేము చేసిన పని

ముందు తిండి దారి మూశాము. మెస్‌లో, క్యాంటీన్‌లో మిగిలినది మూత ఉన్న డ్రమ్ముల్లోకి చేరింది. వంటషెడ్డు దగ్గర రోగుల బంధువులు పారేసే చేప ముళ్లకు, అన్నానికి వేరే తొట్టి పెట్టి, రోజుకు రెండుసార్లు తీసే ఏర్పాటు చేశాము. ఆసుపత్రి వ్యర్థాల్లో పసుపు రంగు సంచుల గదికి తాళం, కింద సందు లేకుండా రేకు వేయించాము. 2016 నిబంధనల ప్రకారం మనిషి శరీర భాగాలు, రక్తం అంటిన వ్యర్థాలు 48 గంటలకు మించి నిల్వ ఉండకూడదు. ఆ గది దగ్గరకు పిల్లి గాని, కుక్క గాని రాకుండా చూడటం ప్రతి ఆసుపత్రికీ ముఖ్యం.

తర్వాత, పిల్లులకు తిండి పెట్టే పని ఒక్క మనిషికి అప్పగించాము. ఒకే చోట, సాయంత్రం ఒకే వేళ. తినగా మిగిలినది అరగంటలో తీసేయాలి. వారం రోజులు ఇలా చేసేసరికి లెక్క తేలింది. అందరూ ఇరవై అనుకున్న పిల్లులు ఏడు. వాటిలో మూడు గండుపిల్లులు, నాలుగు ఆడపిల్లులు.

తర్వాత ఆపరేషన్లు. పశువైద్యశాల డాక్టరుగారితో ముందుగా మాట్లాడి రోజులు ఖాయం చేసుకున్నాము. సాయంత్రం తిండి పెట్టే చోటనే తీగల బోను పెట్టి, లోపల చేప ముక్క ఉంచాము. పిల్లి పడగానే బోను మీద దుప్పటి కప్పాలి. చీకటి పడితే అది నెమ్మదిస్తుంది. బోనులోకి చెయ్యి పెట్టకూడదు. ఈ పని చేసిన ఇద్దరు వార్డు బాయ్‌లకు ముందుగానే రేబిస్ టీకా వేయించాము. మత్తులో ఉండగానే ఆపరేషన్‌తో పాటు రేబిస్ టీకా వేసి, ఎడమచెవి కొస కొద్దిగా కత్తిరించారు. చెవి కొస లేని పిల్లి కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిందని దూరం నుంచే తెలుస్తుంది, మళ్లీ పట్టనక్కర్లేదు. కోలుకున్నాక వాటిని పట్టిన చోటనే వదిలాము.

ఒక నల్ల గండుపిల్లి మాత్రం బోను చూస్తేనే తప్పుకునేది. రెండు నెలల తర్వాత ఎండు నెత్తళ్లకు ఆశపడి వచ్చింది. ఆపరేషన్ అయిన రోజునే పోట్లాటలు ఆగవు. ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. నల్లదానికి కూడా ఆపరేషన్ అయిన నెలన్నరకు ప్రసూతి వార్డు నుంచి కబుర్లు బాగా తగ్గాయి. అప్పుడప్పుడు అరుపులు ఇప్పటికీ వినిపిస్తాయి గాని ఆ ఏడాది తర్వాత మన ఆవరణలో కూనలు పుట్టలేదు.

మీ వీధిలో ఇలా చేయాలనుకుంటే దగ్గరలోని పశువైద్యశాలను అడగండి. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు సొంత ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాదులో 1992లో మొదలైన బ్లూక్రాస్, విశాఖపట్నంలో 1996లో మొదలైన విశాఖ జంతు సంరక్షణ సంస్థ వీధి జంతువుల కోసం పనిచేస్తున్నాయి. వెళ్లే ముందు పిల్లులకు ఆపరేషన్ చేసే రోజులు కనుక్కోండి.

పలకరించే పిల్లి

ఇక మూడు రంగుల పిల్లి సంగతి. మందుల కౌంటరువాళ్లు దాన్ని చుక్కి అని పిలిచేవారు. నలుపు, పసుపు, తెలుపు కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే, ఎందుకంటే ఆ పసుపు రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది.

2024 జూన్‌లో, చుక్కి ఇంకా బోనులో పడక ముందు, ఓ.పి.కి వచ్చిన ఆరేళ్ల బాబు దాని తోక పట్టి లాగాడు. అది చెయ్యి రక్కింది, రక్తం వచ్చింది. వెంటనే సబ్బుతో కడిగి, టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ మొదలుపెట్టారు. గాయంలోకి సూది వేస్తుంటే బాబు పెట్టిన ఏడుపుకు ఓ.పి. అంతా నిశ్శబ్దమైంది. అప్పుడు వాళ్ల నాన్నగారు అడిగిన ప్రశ్న మాకు గుర్తుండిపోయింది. "పిల్లిని పది రోజులు చూడాలంటున్నారు. ఎవరు చూస్తారండీ? ఇది ఎవరి పిల్లి?"

పది రోజుల లెక్క ఏమిటంటే, కరిచిన రోజున కుక్క గాని, పిల్లి గాని చొంగలో రేబిస్ వైరస్ ఉంటే అది పది రోజుల్లోపు జబ్బుపడి చనిపోతుంది. పది రోజులు ఆరోగ్యంగా ఉంటే ఆ కాటు వల్ల రేబిస్ రాదని అర్థం. అందుకోసం టీకా ఆపి కూర్చోకూడదు. టీకా వెంటనే మొదలుపెట్టాలి, పిల్లిని పక్కన చూస్తూ ఉండాలి, మిగతా డోసుల సంగతి డాక్టరుగారు చెబుతారు. ఎవరిదీ కాని పిల్లి అయితే పదో రోజున అది ఎక్కడుందో ఎవరికి తెలుసు?

ఆ రోజు మా విభాగంలో పనిచేసి రిటైరైన ఒక సిస్టరు బి.పి. మాత్రలకు వచ్చి ఉన్నారు. "పది రోజులు మా ఇంట్లో ఉంచుతాను" అని ఆవిడే ముందుకు వచ్చారు. వరండాలో పెద్ద బోను పెట్టి, రోజూ అది తిన్నదీ, తాగినదీ, నడకా కాగితం మీద రాసి ఓ.పి.కి పంపేవారు. పదో రోజున చుక్కి హాయిగా చేప తింటోందని బాబు తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పాము. ఆ తర్వాత దానికి టీకా, ఆపరేషన్ అయ్యాయి. మళ్లీ ఓ.పి.కి వదలడానికి సిస్టరుగారికి మనసు రాలేదు, ఇంట్లోనే ఉంచుకున్నారు.

ఇంట్లోకి తెచ్చుకునే ముందు

ఏ పిల్లి ఇంటికి అలవాటు పడుతుంది? తోక నిటారుగా ఎత్తి మీ దగ్గరకు వచ్చేది, మిమ్మల్ని చూసి మ్యావ్ అనేది, కాళ్లకు రాసుకునేది మనుషుల మధ్య పెరిగిన పిల్లి. నేలకు కరుచుకుని, ఒక్క మాట లేకుండా తప్పుకునేది అడవిపాటుగా పెరిగినది. పెద్దదాన్ని బలవంతంగా ఇంట్లో పెడితే దానికీ సుఖం లేదు, మీకూ లేదు. ఒక హెచ్చరిక: ఎప్పుడూ దగ్గరకు రాని పిల్లి ఉన్నట్టుండి మీద మీదకు వచ్చినా, మచ్చికైనది హఠాత్తుగా కరవబోయినా, చొంగ కారుస్తూ తూలుతున్నా దాన్ని ముట్టుకోకండి. అవి రేబిస్ లక్షణాలు కావచ్చు.

మచ్చికైన పిల్లి ఎవరిదైనా కావచ్చు. నాలుగు ఇళ్లలో అడగండి, నోటీసు పెట్టండి. ఎవరూ రాకపోతే ముందు పశువుల డాక్టరు దగ్గరకు, తర్వాతే ఇంట్లోకి. గోమార్లు, పురుగులు, చూలు ఉన్నాయేమో చూస్తారు. మూడు నెలలు దాటిన పిల్లికి రేబిస్ టీకా వేసి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేస్తారు. పిల్లుల జబ్బులకు వేరే టీకా కూడా ఉంది. ఆపరేషన్ తేదీ అప్పుడే రాయించుకోండి.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే రెండు వారాలు వేరు గదిలో పెట్టండి. సిస్టరుగారి ఇంట్లో ముసలి పిల్లి ఒకటి ఉంది. ఆవిడ ఒకదాని పక్కగుడ్డ రెండోదాని దగ్గర వేసి, వాసన అలవాటు చేశారు. తర్వాత మూసిన తలుపుకు అటూ ఇటూ గిన్నెలు పెట్టారు. మూడో వారంలో తలుపు కొద్దిగా తీశారు. బుస కొట్టుకున్నాయి గాని కొట్టుకోలేదు. ఇప్పుడు ఒకే మంచం కింద చెరో మూల పడుకుంటున్నాయి.

గర్భిణులకు, అందరికీ

పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు. గర్భిణికి కొత్తగా సోకితే కడుపులోని బిడ్డకు ప్రమాదం. ఇందుకోసం పిల్లిని వెళ్లగొట్టనక్కర్లేదు. మలం పడ్డాక ఆ జీవి సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది గనుక ఇసుక పళ్లెం రోజూ శుభ్రం చేయాలి, ఆ పని ఇంట్లో వేరేవాళ్లు చేయాలి. మాంసం బాగా ఉడికించాలి, మట్టి పని చేశాక చేతులు కడుక్కోవాలి. ఇల్లు కట్టే చోట ఇసుక గుట్టల్లో పిల్లలు ఆడకుండా చూడండి.

పిల్లికి జ్వరం వచ్చిందని మీ ఇంట్లోని పారాసిటమాల్ ఇవ్వకండి. ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. పాలు కూడా పెద్ద పిల్లులు చాలావాటికి పడవు, విరేచనాలవుతాయి. మంచినీళ్లు, ఉడికించిన చేప, కోడిమాంసం, కొద్దిగా అన్నం పెట్టండి.

మీ గుమ్మం ముందు పిల్లికి పిడికెడు అన్నం పెడుతున్నవారికి మా మనవి ఒక్కటే. ఆ అన్నంతో పాటు ఏడాదికోసారి పశువైద్యశాలకు వెళ్లే బాధ్యత కూడా మీరే తీసుకోండి, లేదా తీసుకోగలవారికి అప్పగించండి. పాశ్చర్ మరణించిన సెప్టెంబర్ 28వ తేదీని ప్రపంచ రేబిస్ దినంగా 2007 నుంచి జరుపుకుంటున్నాము. ఆ రోజు వచ్చేలోగా మీ పిల్లి టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. కార్డే లేకపోతే ఈ వారమే బయలుదేరండి. కాటు గాని, రక్కుడు గాని పడితే ఎంత చిన్నదైనా సబ్బుతో కడిగి, ఆ రోజే కేజువాల్టీకి రండి. రాత్రి వేళయినా మా సిస్టర్లు అక్కడ ఉంటారు.